సగటు దాచిన మెట్ట చేలు

తనకు నచ్చిన జవాబు రాకపోతే లెక్కనే మార్చేసే భుజంగరావు, ఒక మొక్కజొన్న పరిశోధన కేంద్రానికి అధిపతిగా ఉండేవాడు. పోయినేడు యాదగిరి అనే శాస్త్రవేత్త కొత్త హైబ్రిడ్ విత్తనం తెచ్చాడు. "చోటు మారితే దీని దిగుబడి ఊగిపోతోంది" అంటూ భుజంగరావు దాన్ని పక్కన పెట్టించాడు.

ఈ ఏడు సువర్చల అనే శాస్త్రవేత్త హైబ్రిడ్ వంతు వచ్చింది. కాలువ కింద చేలల్లో అది విరగకాసింది. వాన మీదే ఆధారపడ్డ మెట్ట చేలల్లో మాత్రం కంకికి సగం గింజలైనా కట్టలేదు. అయినా అన్ని చోట్లా కలిపి సగటు తీస్తే దానిదే మొదటి స్థానం. భుజంగరావు ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

"అన్ని చేలకూ పనికొస్తుందని సంతకం పెట్టు" అన్నాడు.

"పెట్టను సార్" అంది సువర్చల. "దిగుబడి నిలకడను కొలిచే లెక్కలో ఇది అట్టడుగున ఉంది. యాదగిరి గారి దాన్ని ఆ లెక్కతోనే కదా తోసేశారు?"

"అది వేరు. ఇది నీ విత్తనం! పేరొస్తుందమ్మా."

"నా విత్తనమైతే మెట్టలో గింజ కడుతుందా? అన్న రెండు పూటలా తిని, తమ్ముడు పస్తుంటే, ఇద్దరూ ఒక్కో పూట తిన్నారని రాస్తామా?"

"ఉద్యోగం చేయాలని లేదా నీకు?"

"ఉంది సార్. చేస్తున్నది అదే!"

ఎంత మాట! నాకైతే లేచి చప్పట్లు కొట్టాలనిపిస్తుంది.

విత్తనాలు ఎంపిక చేసే సభలో ఆమె రెండు లెక్కలూ పక్కపక్కనే పెట్టింది. భుజంగరావు కళ్ళెర్ర చేసినా ఆమె వెనక్కి తగ్గలేదు. సభ ఆమె హైబ్రిడ్‌ను కాలువ చేలకే ఇచ్చింది. మెట్టకు ఓ మోస్తరుగా, నిలకడగా పండే పాత రకమే ఉంచింది.

ఆ విత్తనాలు రైతులు వేసిన ఏడు వానలు ముఖం చాటేశాయి. ఆ పాత రకమే మెట్ట రైతుల కడుపు నింపింది. కొత్తదే వేసి ఉంటే వాళ్ళ గతేమిటో తలచుకుని భుజంగరావు హడలిపోయాడు.

మరుసటి ఏడు విత్తడానికి ముందే అందరినీ పిలిచి, ఏ లెక్కలతో కొలవాలో బోర్డు మీద రాశాడు.

"పంట వచ్చాక చూసుకోవచ్చు కదా సార్?" అన్నాడు యాదగిరి నవ్వుతూ.

"ఆ సరదా తీరిపోయిందయ్యా!" అన్నాడు భుజంగరావు.

నీతి: ఫలితం చూశాక కొలతను ఎంచుకోకూడదు, ముందే ఎంచుకున్న కొలత మనకు ఎదురుతిరిగినా, దాని మాట దాచకూడదు.