కుందేలు మీద రాజుగారి బూటు

కొండవాగు సంస్థానాధీశులు నరసభూపతి గారికి ఒక మధ్యాహ్నం భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూంటే ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచనలు ఆ సమయంలోనే వస్తాయి. తడిచెయ్యి తుడుచుకోకుండానే దివాన్ పేరయ్య పంతులుగారిని పిలిపించారు.

"మన ఆస్థానంలో ఫొటోలు తీసేవాళ్లు ఇద్దరెందుకయ్యా?"

ఆలోచన రాజుగారిదే గాని, ఆ పూట పంక్తిలో పక్కన కూర్చుని దాన్ని చెవిలో వేసింది గరుడాచలం. అతను వేట ఫొటోలు తప్ప ఇంకేవీ తీయడు. జంతువు పడగానే నోట్లో పుల్ల నిలబెట్టి కోరలు కనబడేలా చేస్తాడు. దాని మీసాలకు కొబ్బరినూనె రాసి దువ్వుతాడు. ఆ తర్వాత అదే దువ్వెనతో రాజుగారి మీసాలు. ఆపైన రాజుగారు కుడికాలు జంతువు మీద పెట్టి, తుపాకి భుజాన వేసుకుని నిలబడాలి. గోడమీద ఇలాంటివి ఆరున్నాయి. జంతువు మారుతుంది, మిగతాదంతా అదే.

రెండో మనిషి మాణిక్యాంబ. ఆమె పెళ్లిళ్లు తీస్తుంది, పసిపిల్లల్ని తీస్తుంది, రాణిగారి కొత్త హారం తీస్తుంది, బహుమతి గెలిచిన ఎద్దును తీస్తుంది. ఆస్థానంలో ఆమె తీయనిది ఏనుగు కడుపు లోపలి భాగం ఒక్కటే.

సభలో గరుడాచలం గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, ఒక్క రకం పట్టుకుని సాధించేవాణ్ణి నిపుణుడంటారు. పొద్దున ఎద్దు, మధ్యాహ్నం పెళ్లికూతురు అంటే దాన్ని సంత అంటారు."

"ఆ రెండిట్లో ఎద్దే కుదురుగా నిలబడుతుందండీ," అంది మాణిక్యాంబ.

సభ నవ్వింది. రాజుగారు నవ్వలేదు. ఆలోచన ఇంకా తడిగానే ఉంది.

"ఇదే ఉత్తర్వు. ఒక్కొక్కరు ఒక్క రకమే తీయాలి. గీత దాటితే కెమెరా ఖజానాకు, మనిషి పొలిమేరకు. మాణిక్యాంబా, వచ్చే వేటనాటికి నీ రకం ఏదో తేల్చి చెప్పు."

మాణిక్యాంబకు ఆ కెమెరాయే బతుకు. పెళ్లిళ్లు ఎంచుకుంటే ఏడాదిలో ఎనిమిది నెలలు పస్తు. పిల్లల్ని ఎంచుకుంటే పెద్దవాళ్లు ఊరుకోరు. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు.

"చిత్తం ప్రభూ. పొరపాటున నేను గరుడాచలంగారి హద్దులోకి పోకుండా, వారి రకం ఏదో కూడా కాగితం మీద పెట్టిస్తే బాగుంటుంది."

గరుడాచలం ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "రాసుకోండి పంతులుగారూ! వేటలో చచ్చిపడిన జంతువు. అది తప్ప మరే ప్రాణీ నా ఫొటోలోకి రాదు!"

పేరయ్య పంతులు ఒక్క అక్షరం మార్చకుండా రాశారు. రాజముద్ర పడింది.

వేటరోజు వచ్చింది. డప్పులు మోగాయి, అడవంతా గాలించారు. పులి లేదు, చిరుత లేదు, పంది కూడా ఎక్కడికో పనిమీద పోయినట్టుంది. సాయంత్రానికి పొదలోంచి ఒక కుందేలు ఉరికింది. రాజుగారు కాల్చారు. గుండు తాటిచెట్టుకు తగిలింది. కుందేలు ఆ చప్పుడుకు పడిపోయింది.

"పడిందా లేదా?" అన్నారు రాజుగారు.

"పడింది ప్రభూ!" అన్నారందరూ.

గరుడాచలం పరుగున వచ్చాడు. కుందేలు నోటికి సరిపడే పుల్ల దొరక్క అగ్గిపుల్ల నిలబెట్టాడు. మీసాలు దువ్వాడు, రెండు జతలూ. కొత్త బూటు కాబట్టి రాజుగారు అడుగు సున్నితంగానే వేశారు. కుందేలు బూటు కింద చెవులతో సహా మాయమైపోయింది.

గరుడాచలం కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చాడు. "ప్రభూ, కదలకండి!"

"ఒక్క నిమిషం గరుడాచలంగారూ," అంది మాణిక్యాంబ. "అందులో మీకేం కనబడుతోంది?"

"ప్రభువులవారు."

"ఇంకా?"

"ప్రభువులవారి బూటు."

"జంతువు?"

నల్లగుడ్డ అటూ ఇటూ కదిలింది. "కనబడదు. అయితే ఏం? అది ఉన్నట్టు అందరికీ తెలుసుగా!"

"పంతులుగారూ, వారి ఉత్తర్వు ఒక్కసారి చదువుతారా?"

పేరయ్య పంతులు కళ్లజోడు పెట్టుకుని గట్టిగా చదివారు. "వేటలో చచ్చిపడిన జంతువు. అది తప్ప మరే ప్రాణీ నా ఫొటోలోకి రాదు."

మాణిక్యాంబ చేతులు కట్టుకుంది.

"ఫొటోలో ఉన్నది ప్రభువులవారొక్కరే. మరి వేటలో చచ్చిపడిన జంతువు వారేనా అండీ?"

నల్లగుడ్డ కింద చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. అవునంటే రాజద్రోహం, కాదంటే గీత దాటడం.

"ప్రభూ," అంది నల్లగుడ్డ సన్నగా, "తమరు కాస్త పాదం తీసి అవతలికి జరిగితే, కుందేల్ని ఒక్కదాన్నే..."

"అవతలికా! నా వేటలో నేను ఉండనా?" రాజుగారు ఉలిక్కిపడ్డారు. "అయితే గోడమీద ఆరు ఫొటోల్లో నేనెవర్నయ్యా?"

"వాటికి ఉత్తర్వు వర్తించదు ప్రభూ, అవి ముందు తీసినవి," అన్నారు పంతులు గంభీరంగా.

"మాణిక్యాంబా! ఇంతకీ నీ రకం ఏది?"

"ప్రాణమున్నవాళ్లు ప్రభూ. తమరు అందులోకే వస్తారనుకుంటాను."

రాజుగారి మీసం వణికింది. పొట్ట కదిలింది. ఆయన నవ్వాక ఇక ఎవరూ ఆగలేదు. ఆ నవ్వుకు కాలు పైకి లేచింది. బూటు కిందనుంచి కుందేలు అగ్గిపుల్లతో సహా ఎగిరి, పంతులుగారి పంచె మధ్యనుంచి దూసుకుపోయింది. పంతులు గెంతారు. మాణిక్యాంబ తన చేతికెమెరా నొక్కింది. నల్లగుడ్డ మాత్రం "కదలకండి! కదలకండి!" అని అరుస్తూనే ఉంది.

రాజుగారు కళ్లు తుడుచుకుని ఉత్తర్వు అక్కడికక్కడే చింపేశారు. చేతి కడియం తీసి మాణిక్యాంబ చేతిలో పెట్టారు.

"ఇప్పుడు నువ్వు నొక్కావే, అది పెద్దది చేయించి సింహాసనం పక్కన పెట్టించు. మేము బతికే ఉన్నామని అందరూ చూస్తారు!"