మిగిలిన గంట

చిలకలూరిపేట గురవయ్య మేళం తెలివికి పెట్టింది పేరు. పెట్టుకున్నది వాళ్ళే లెండి. సన్నాయి గురవయ్యది, డోలు తమ్ముడు బసవయ్యది, శ్రుతిపెట్టె గురవయ్య భార్య దుర్గాంబది. ముగ్గురిలో ఎవరికి తెలివి ఎక్కువో ఇంతవరకూ తేలలేదు. తేలే ప్రమాదమూ లేదు.

పారిస్‌లో ఒక తెలుగువాళ్ళ పెళ్ళికి వాయించారు. మర్నాడు పొద్దున పదకొండింటికి లండన్‌లో ఇంకో ముహూర్తం. తాళి కట్టే వేళకి గట్టిమేళం మోగకపోతే మూడు తరాల పేరు గంగలో కలిసినట్టే.

గురవయ్య విమానం టిక్కెట్టు చూశాడు. బయల్దేరేది తొమ్మిదికి, చేరేది తొమ్మిదింబావుకి.

"మూడొందల యాభై కిలోమీటర్లు పావుగంటలోనట. మన పేట నుంచి గుంటూరుకే గంట పడుతుందే."

"పావుగంటకి కూర్చోడం దేనికి, నిలబడే పోదాం," అంది దుర్గాంబ. విమానం అమ్మాయి బతిమాలి కూర్చోబెట్టింది.

ఇంకేముంది, వాచీలో తొమ్మిదింబావు అవగానే ముగ్గురూ లేచారు. కింద మబ్బులు.

"స్టాపు దాటించేశాడన్నా," అని బసవయ్య డోలు మెళ్ళో వేసుకున్నాడు. "ఆపమ్మా, దిగాలి."

పక్క సీటు తెలుగాయన చెయ్యి పట్టి ఆపాడు. "కూర్చో బాబాయ్. ప్రయాణం గంటంబావు. లండన్ గడియారం పారిస్ కంటే గంట వెనక, అందుకే టిక్కెట్టులో అలా ఉంది."

"అంత పెద్ద ఊళ్ళో గడియారాలు బాగుచేసేవాడే లేడా?" అని దుర్గాంబ జాలిపడింది.

దిగాక ఆయనే, "వాచీలు గంట వెనక్కి తిప్పుకోండి. మీకో గంట మిగిలింది," అని చెప్పి తన దారిన పోయాడు.

అంతే. మిగిలినదాన్ని పారేస్తారా? బెంచీ మీద కూర్చుని వాడటం మొదలుపెట్టారు. కారు తెచ్చిన పెళ్ళివారి మనిషి ముహూర్తం మించిపోతోందని లబోదిబోమన్నాడు.

"ఉండవయ్యా," అన్నాడు గురవయ్య. "ఇంకా సగం గంట అలాగే ఉంది."

హాలుకు చేరేసరికి పదకొండూ ఇరవై. పెళ్ళికూతురి తండ్రి ఎదురొచ్చాడు. "ఫోన్లో సన్నాయి పెట్టి తాళి కట్టించానయ్యా. మీ మేళానికో దణ్ణం."

గురవయ్య మొహం మాడిపోయింది. బసవయ్య మాత్రం కుర్చీ ఎక్కి గోడ గడియారాన్ని గంట వెనక్కి తిప్పాడు. "పదీ ఇరవై అన్నా. ఇంకా బోలెడు టైముంది."

దుర్గాంబ భోజనాల గదిలోకి వెళ్ళి పెళ్ళికూతుర్ని నిలదీసింది. "ముహూర్తం కాకుండానే తాళి కట్టించుకుని పప్పన్నం తింటున్నావా? అంత ఆత్రమేమిటి తల్లీ?"

తండ్రి ఆమెను బయటికి పంపి, ఆ గది తలుపులు మూసేశాడు. ముగ్గురూ మండపంలో కాచుక్కూర్చున్నారు. గడియారం పదకొండు కొట్టింది. హాల్లో మిగిలింది కుర్చీలు సర్దే దొర ఒకడూ, చీపురు పట్టుకున్న దొరసాని ఒకతీ. గట్టిమేళం పైకప్పు లేచిపోయేలా మోగింది. దుర్గాంబ పరుగున వెళ్ళి ఇద్దరి నెత్తినా అక్షింతలు పోసింది. ఆ మోతకి హడలిపోయి దొర గబుక్కున దొరసాని చెయ్యి పట్టుకున్నాడు.

"పాణిగ్రహణం కూడా అయింది," అన్నాడు గురవయ్య, తృప్తిగా సన్నాయి తుడుచుకుంటూ.