పదునుకు కాపలా

వాన తోవ తప్పితే తప్ప రాని మెట్టరాజ్యం ఒకటి వెనకటికి ఉండేదట. అక్కడ జొన్న పండితేనే కోటలో దీపం, లేకుంటే రాజుకైనా అంబలే. ఆ సంగతి విజయకేసరి మహారాజుకు మాత్రం ఎక్కలేదు. ఆయనకు మీసమూ, మేళతాళాలూ ఉంటే చాలు.

రెండేళ్లు ఎండగట్టి, ఆ ఏడు తొలకరి కురిసింది. కొలువులో నవ్వులు పంచే ఓబులేసు కిటికీ దగ్గర నిలబడి మట్టివాసన పీల్చాడు. చిన్ననాడు ఇలాంటి పొద్దునే వాళ్లమ్మ చేలోకి దిగి, పిడికెడు మన్ను పిసికి చూసేది. విత్తనానికి చాలినంత తడితో ముద్ద నిలిస్తే "పదునొచ్చిందిరా!" అని నవ్వేది. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ అతనికి కడుపు నిండినట్టే ఉండేది.

అంతలో అక్క సుంకమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"ఒరే ఓబులేసూ! మీ రాజుకు పుట్టినరోజు ఊరేగింపట. ఊళ్లో ఎద్దులన్నీ తోలుకపోయినారు. పున్నమి దాకా ఇయ్యరంట. పదును ఆరిపోతే విత్తేదెప్పుడు, తినేదేంది?"

"ఏడవకక్కా. చేలో మన్ను ఒక ముద్ద తెచ్చియ్యి."

"మన్ను తినమంటావురా?"

"తెద్దూ! తినేది నువ్వు కాదులే."

మర్నాడు ఓబులేసు వెండిపళ్లెంలో ఆ తడిముద్ద పెట్టుకుని కొలువుకు వచ్చాడు.

"ఏమిటా బురద?" అన్నాడు రాజు, ముక్కు మూసుకుని.

"మీ బొక్కసం, మహాప్రభూ. దొంగభయం ఉంది. ఊరేగింపు అయ్యేదాకా ఇందులో తడి పోకుండా కాపాడించండి. చేను ఉన్నట్టే ఇదీ ఆకాశం కిందే ఉండాలి."

"మా కాపలా దాటి చీమైనా పోదు! తడి పోయిందా, నువ్వడిగింది ఇస్తాం. నిలిచిందా?"

"ఎద్దులకు బదులు నేనే మీ రథం లాగుతాను."

ముంగిట్లో పళ్లెం చుట్టూ భటులు కత్తులు దూసి నిలబడ్డారు. రెప్ప వేయలేదు పాపం.

మరునాటి సాయంత్రం రాజు వచ్చి ముద్ద పట్టుకున్నాడు. అది పొడిపొడిగా రాలి పట్టుపంచె నిండా పడింది.

"ఎవడా దొంగ?"

"సూర్యుడు, ప్రభూ. మీ భటుల ముందరే వచ్చి దోచుకుపోయాడు. చేలల్లోనూ ఇదే పని మీద ఉన్నాడు. చేలల్లో అడుగున ఇంకా కాస్త తడి ఉంది. వాడికంటే ముందు విత్తనం నేలలో పడితేనే మనం గెలిచినట్టు. దానికి ఎద్దులు కావాలి."

"పడకపోతే వచ్చే ఏడు మా పళ్లెంలో ఏముంటుంది?"

ఓబులేసు పళ్లెంలోని దుమ్ము కేసి చూపించాడు.

రాజు పంచె దులుపుకుంటూ, దులుపుకుంటూ పకపకా నవ్వేశాడు.

"ఎద్దుల్ని వెనక్కి తోలండిరా! నీకేం కావాలో కోరుకో, ఓబులేసూ."

"మీ రథపు తెల్లగిత్తలు, ప్రభూ. ఎద్దుల్లేని వాళ్లూ ఉన్నారు."

గిత్తలతో పాటు తన చేతి కంకణమూ ఇచ్చాడు రాజు. పుట్టినరోజు నాడు మేళం లేదు, రథం లేదు. గంటలు మోగిస్తూ తెల్లగిత్తలు విత్తనాల గొర్రు లాగుతుంటే చూద్దామని రాజే నడుచుకుంటూ చేలోకి వచ్చాడట.

వెనక విత్తనం వేస్తున్న సుంకమ్మ తలెత్తకుండానే, "పక్కకు జరుగు నాయనా, సాలు తొక్కుతున్నావు" అందట.

మహారాజు గబుక్కున గట్టెక్కాడట.