రాజుగారి కుక్క తిన్న చాక్లెట్

చిన్న కథే చెబుతాను, చిటికెలో అయిపోతుంది. వినేసి పడుకోవాలి మరి. అనగనగా ఒక ఊళ్ళో ఒక రాజు. ఊరంటే మన గోదావరి వైపే, కొబ్బరిచెట్ల నీడలో కోకో పెంచే ఊరు. కోకో కాయ అచ్చం మన ఎదురింటి పేరయ్య ముక్కులా ఉంటుంది, ఎర్రగా, లావుగా. పేరయ్య మంచివాడేలే, ముక్కే అలా కుదిరింది. ఎక్కడున్నాం? ఆ, రాజు. ఊ కొడుతున్నారా?

రాజుగారికి విషమంటే భయం. ఏం వండినా ముందు ఆయన కుక్క తినాలి. అది బాగుంటేనే ఆయన తినేది. మంత్రి మాట కన్నా కుక్క తోకకే విలువ ఎక్కువ. మంత్రిని చూసినవాళ్ళెవరూ అది తప్పనలేదు.

ఒకరోజు ఆస్థాన వైద్యుడు చాక్లెట్ తింటే గుండెకు బలమన్నాడు. ఎంత తినాలో చెప్పలేదు, ఆయనకీ తెలియదు. వంట చేసే వీరాయమ్మ కోకో గింజలు వేయించి, మెత్తగా నూరి, పాలూ పంచదారా కలిపి పెద్ద పలక చేసింది. కుక్కకి సగం పెట్టారు. తోక ఊపింది. రాజుగారి పూజ సంగతి తెలుసుగా, ఓ పట్టాన తెమలదు. ఆయన వచ్చేసరికి కుక్క కక్కుకుని, గజగజా వణుకుతోంది.

వంటమనిషి విషం పెట్టిందన్నారు రాజుగారు. పొద్దుగూకేలోగా వీరాయమ్మ తల తీయమన్నారు.

వీరాయమ్మ కోడలు మంగతాయారు. అత్తాకోడళ్ళకి పప్పులో ఉప్పు దగ్గర రోజూ తగువే. అయినా అత్త చేతులు కడుతుంటే కోడలు చూస్తూ ఊరుకోలేకపోయింది. అప్పుడు గుర్తొచ్చింది. పుట్టింట్లో కోకో గింజలు ఆరబోస్తే వాళ్ళమ్మ కుక్కని కట్టేయించేది. అంతకుముందు ఒకటి గింజలు తిని చచ్చిపోయిందట, అవే తిన్న మనుషులకి మాత్రం ఏమీ కాలేదట. పరుగున సభకు వెళ్ళి, అందరూ వినేలా ఆ పలకనే అడగడం మొదలెట్టింది.

చాక్లెట్టూ చాక్లెట్టూ, నీలో ఏముంది? కోకో ఉంది. కోకో కోకో, నీలో ఏముంది? కాఫీకి చుట్టమైన చేదుంది. చేదూ చేదూ, కుక్కనేం చేశావు? మనిషి నన్ను అరిగించుకుంటాడు, కుక్క అరిగించుకోలేదు. పంచదారా పంచదారా, నువ్వెందుకొచ్చావు? చేదు కప్పడానికొచ్చాను, పళ్ళు పుచ్చేదాకా ఉంటాను. మరి గుండె బలమో? అక్కడ వైద్యుడు గొంతు సవరించుకున్నాడు.

నమ్మేదెలా అన్నారు రాజుగారు. మిగిలిన సగం మంగతాయారు చేతిలోకి తీసుకుంది. అమ్మ మాట నిజమేనా అని ఆమెకూ గుబులే. కళ్ళు మూసుకుని తినేసింది. పడిపోతే చూద్దామని జనం ముందు వరసలో చోట్లు పట్టుకున్నారు. పొద్దుగూకింది. పడలేదు. ఊ కొట్టరేం?

అత్త కట్లు విప్పారు. ఆవిడ కోడలి చెయ్యి వదల్లేదు.

“ఎలా కుదిరిందే?” అంది.

“పంచదార ఎక్కువైంది అత్తయ్యా.”

“పప్పులో ఉప్పు తక్కువంటావు, ఇందులో ఇది ఎక్కువంటావు. నీకు వండడం నా వల్ల కాదే తల్లీ!”

తెల్లారేసరికి కుక్క కూడా లేచి గంజి తాగింది. దాని ఉద్యోగం వైద్యుడికిచ్చారు.

అందుకే, మంచిదా చెడ్డదా అని కాదర్రా, ఎవరి ఒంటికి, ఎంత అని అడగాలి. ఒరేయ్ చంటీ, బుగ్గలో ఏంట్రా అది? పోయి పళ్ళు తోముకో.

ఇంతకీ రాజుగారికి మళ్ళీ కొత్త పలక చేయించి పెట్టారు. ఓ ముక్క కొరికారు. నచ్చలేదన్నారు.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.