జానెడు కల్లాపి

అమ్మలారా, అయ్యలారా, ముందు ఒక్క మాటకు జవాబు చెప్పండి. పొద్దున్నే మీ వాకిలి ఎన్ని కడవలు తాగుతుంది?

తెలీదు కదూ! అయితే వినండి. గుట్టలకింకా పేర్లు పెట్టని కాలంలో ఎర్రమిట్ట అని ఒక ఊరు. ఊరంతటికీ ఒకటే బాయి. ఆ ఊళ్ళో ఇంటి గొప్పంతా కల్లాపిలోనే ఉండేది. పేడనీళ్ళు ఎంత దూరం చల్లితే ఇల్లు అంత కలిగినదని లెక్క. పెద్దింటి కొండమ్మ వాకిలికి పన్నెండు కడవలు!

ఆ పన్నెండూ తోడేది ఓబక్క, మోసేది ఓబక్క, ఇంత అంబలి తాగి నడుం వాల్చేది ఓబక్క.

ఒక ఏడు వాన రాలేదు. నీళ్ళు కిందికి దిగాయి. ఓబక్క చేంతాడుకు ఇంకో తాడు ముడేసింది. రెండో ఏడూ రాలేదు. రెండో ముడి. మూడో ఏడూ రాలేదు. మూడో ముడి. తోడే అరచేతికి ముళ్ళు తెలుసు. చల్లే చేతికేం తెలుసు?

ఆ ఎండాకాలమే ఓబక్క కోడలు రంగికి నెలలు నిండాయి. బాయి ఎండితే ఊరు ఏటికి వలసపోవాలి. ఏరు మూడు రోజుల నడక. నిండు చూలాలు ఎట్లా నడుస్తుంది?

ఒకనాటి పొద్దున ఓబక్క పెద్దింటి ముందు కడవ దించేసింది.

"అమ్మా, తాగనీకి మోస్తా. వండనీకి మోస్తా. మట్టిలో పోయనీకి మాత్రం మోయను."

"ఏమే ఓబీ, కల్లాపి లేని వాకిట్లో లచ్చిమి కాలు పెడుతుందా?"

"ఆ తల్లి పాదం ఎంతుంటుందమ్మా? జానెడు తడిపితే చాలదా?"

"నువ్వు మోయకపోతే మాకు నీళ్ళు రావా? పో!"

పని పోయింది. ఓబక్క కొర్రలు కడిగిన నీళ్ళలో పేడ కలిపి, గుడిసె ముందు జానెడు చల్లింది. అందులోనే జానెడు ముగ్గు పెట్టింది. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి మరీ నవ్వారు.

"ఓబక్కా, మీ వాకిట్లో చీమ గాని ఉచ్చ పోసిందా?"

"పోసిందిలేవే! మీ ఇండ్లల్లో ఏనుగులు పోసీ పోసీ బాయి ఎండబెట్టినాయి గదా!"

ఆ మాట చెవిన పడి కొండమ్మకు రోషం పొడుచుకొచ్చింది. తానే పోయి చేంతాడు పట్టింది. మొదటి కడవకు చేతులు ఎర్రబడ్డాయి. రెండో కడవకు బొబ్బలెక్కాయి. మూడో కడవకు బొక్కెనలో బురద వచ్చింది.

"ఓబీ! ఇదేందే?"

ఓబక్క వచ్చి తాడు చూపించింది. "ఈ ముడి మొన్నటేడుది. ఇది నిరుటిది. ఇది ఈ ఏటిది. నాలుగో ముడికి తాడుందమ్మా, బాయికే లోతు లేదు."

"ముందే చెప్పి ఏడవచ్చు గదే!"

"కడవ దించి చెప్పినా గదమ్మా."

కొండమ్మ తన బొబ్బల చేతులు చూసుకుంది.

తెల్లారి చూస్తే పెద్దింటి వాకిట్లో జానెడే తడి! పెద్దింటిని మించి చల్లే ధైర్యం ఎవరికుంది? ఊరంతా జానెడే. ఊటకు ఊరే తీరిక దొరికింది. బాయి నిలిచింది. రంగి ఆడపిల్లను కన్నది. పురిటి స్నానానికి నీళ్ళు మోసుకొచ్చింది ఎవరనుకున్నారు? కొండమ్మే! ఆ స్నానం నీళ్ళు సొరపాదుకు పోయాయి. పాదు పూతకొచ్చే వేళకు వాన పడింది.

ఓబక్క ముసలిదై వెళ్ళిపోయింది. ఎర్రమిట్టలో మాత్రం ఇప్పటికీ ఎండాకాలం జానెడే కల్లాపి. ఎవరైనా నీళ్ళు ఒలకబోస్తే పసిపిల్లలు కూడా అరుస్తారు: "ఓబక్క చేతులు నొస్తాయే!"

విన్నారుగా. రేపు పొద్దున కడవ ఎత్తినా సరే, కొళాయి పైపు పట్టినా సరే, ముందు జాన చాచి వాకిలి కొలవండి. అంతే తడపండి. మిగతా నీళ్ళు బాయిలో ఉండనివ్వండి.