లోపలికి వెళ్ళని దుప్పి

అనగనగా ఏటి ఒడ్డున ఒక అడవి, పిల్లలూ. ఏటికి అవతల రేచుకుక్కల మంద ఉండేది. అది ఎప్పుడు దాటి వస్తుందోనని ఇవతలి జంతువులకు కంటిమీద కునుకు ఉండేది కాదు. అందుకని అవతల ఉండి మంద కదలికలు కనిపెట్టి ముందుగా కేకేయడానికి నక్కలను వేగులుగా పెట్టుకున్నాయి. వాటి తిండి కోసం ప్రతి ఇంటినుంచీ ఇప్పపువ్వు, దుంపలు నక్కల గుహకు చేరేవి.

వేగు పని గుట్టుగా సాగాలి కదా, అందరూ వెళ్ళి గుహలో తొంగిచూస్తే ఎలా? అందుకే అడవి సభ ఒక కట్టడి పెట్టింది. రుతువు మారినప్పుడల్లా ఒక్కరే లోపలికి వెళ్ళి, ఆ తిండి ఎటు పోతోందో కళ్ళారా చూడాలి. చూసింది ఎవరికీ చెప్పకూడదు. సభలోకి వచ్చి కాలు నేలకు కొడితే చాలు, చూశానని, అంతా సరిగానే ఉందని అర్థం. అప్పుడే మళ్ళీ వాటా వెళ్తుంది.

ఆ పని చుక్కమ్మ అనే దుప్పికి అప్పగించారు. మంచిదే పాపం, మొగమాటమే ఎక్కువ. గట్టుమీది పొదలో దానికో పిల్ల ఉండేది. ఆ పిల్లే దాని ప్రాణం.

మొదటిసారి వెళ్తే నక్కల పెద్ద జంబయ్య గుమ్మంలోనే ఎదురొచ్చాడు. కూర్చోబెట్టి మర్యాదలు చేసి, మా మీద ఆమాత్రం నమ్మకం లేదా అని నొచ్చుకున్నాడు. చుక్కమ్మ సిగ్గుపడి, చూడకుండానే వచ్చి కాలు కొట్టింది. రెండోసారి, నీకు తెలిస్తే నీ నోరు జారుతుంది, రేచుకుక్కల చెవిన పడుతుంది అన్నాడు. భయపడి మళ్ళీ కొట్టింది.

మూడోసారి గట్టిగా అనుకునే వెళ్ళింది. జంబయ్య నవ్వాడు.

"నీ పిల్ల ఏ పొదలో పడుకుంటుందో, ఏ వేళకు నీళ్ళకు పోతుందో మావాళ్ళకు తెలుసక్కా. ఊరికే చెబుతున్నా."

ఏటి అవతల ఉండాల్సిన కళ్ళు తన పొద మీద ఎందుకున్నాయని దానికి అనిపించింది. అనిపించి ఏం లాభం? పిల్లను తలుచుకుని వచ్చి కాలు కొట్టింది.

వారం తిరక్కుండా పట్టపగలే రేచుకుక్కలు ఏరు దాటాయి. ముందుగా కేకేసిన వేగు ఒక్కడూ లేడు. చుక్కమ్మ పిల్ల ఇక దొరకలేదు.

కడుపుమంటతో చుక్కమ్మ జంబయ్యను తోసుకుని గుహలో దూరింది. నక్కలన్నీ తెగ బలిసి అక్కడే గుర్రుపెడుతున్నాయి.

సభ కూడింది. ఆపద ముదిరింది, వాటా రెట్టింపు చేయాలన్నాడు జంబయ్య. చుక్కమ్మ లేచింది.

"అవతల కాపలా ఎవరూ లేరు. ఈరోజే కళ్ళారా చూశాను. ఆ మూడుసార్లూ చూడలేదు."

సభ పెద్ద ఎలుగుబంటి తల పట్టుకున్నాడు.

"అప్పుడు అబద్ధమాడావో, ఇప్పుడు ఆడుతున్నావో మాకేం తెలుసమ్మా?"

బిడ్డ పోయి మతి చెడిందని అందరూ జాలిపడ్డారు. రెట్టింపు వాటా గుహకు వెళ్ళింది.

నీతి: నలుగురూ నమ్మి చూడమని పంపితే చూడకుండా చూశానన్నవాడి మాట, నిజం చెప్పే రోజున చెల్లదు.