మొసలి నోట్లోంచి తీసిన ఫొటో

ఏటి అవతల అడవిలో జంతువులన్నిటికీ ఫోన్లున్నాయి, ఒక గ్రూపు కూడా ఉంది. నవ్వకండి, నిజంగానే ఉంది. పొద్దున లేస్తే కుందేళ్ల గుడ్ మార్నింగులు, కోతుల గొప్పలు, అదో సందడి. ఆ గ్రూపుకి పెద్ద ఏనుగు. ఒకరోజు అది ఇలా పెట్టింది: "మన అడవిని బాగా చూపించే ఫొటో తీసినవాళ్లకి ఏటి మధ్య ఇసుక తిన్నె ఇచ్చేస్తాను. ఇంకెవరూ అక్కడ అడుగు పెట్టకూడదు."

ఉల్లంకిపిట్టకి ఆ తిన్నె కావాలి. గుడ్లు పెట్టే వేళయింది, ఒడ్డున పెడితే పాములు మిగల్చవు. దాని బతుకేమో మొసలి పళ్ల సందుల్లో ఇరుక్కున్న మాంసం ఏరుకు తినడం. అలా నోట్లో నిలబడే, మెడలో వేలాడే బుల్లి ఫోనుతో పొద్దు పొడుపుని తీసింది. పైనా కిందా తెల్లటి పళ్లు, మధ్యలో ఎర్రటి ఏరు. మూలన తన పేరు రాసుకుంది. గ్రూపులో పెట్టే ముందు నక్కకి పంపింది.

"బావా, ఎలా ఉందో చెప్పు."

"పరవాలేదు పిల్లా. రేపు పెడుదువుగాని."

అని, నక్క ఆ మూల కాస్తా కత్తిరించి అప్పటికప్పుడే తన పేరుతో పెట్టేసింది. తిన్నె మీది పీతలంటే దానికి అంత ఇష్టం మరి.

అన్నిటికన్నా అదే బాగుందని తేలింది, తిన్నె ఇచ్చేందుకు అందరూ ఒడ్డున చేరారు. పిట్ట ముందుకొచ్చింది. "పెద్దయ్యా, ఆ ఫొటో నాది."

"నీ పేరేదమ్మా దాని మీద?"

"మూలన రాశాను. నక్క బావ కోసేశాడు."

"నీకు పంపిందే నేను, మర్చిపోయావా పిల్లా?" అంది నక్క. "గ్రూపులో ముందు పెట్టిందెవరో అడగండి."

"నక్కే," అన్నాయి కుందేళ్లు.

ఏనుగు తొండం సగం లేచింది. అది పూర్తిగా లేస్తే ఆ అడవిలో తీర్పు అయిపోయినట్టే, తిరగతోడడం లేదు.

పిట్ట గబుక్కున నక్క ముందుకి గెంతింది. "ఒక్క మాట. ఎక్కడ నిలబడి తీశావు బావా?"

నక్క ఫొటో వంక చూసుకుంది. "ఇవిగో, ఈ తెల్ల రాళ్ల మధ్య. రేవు దగ్గర గుహ లాంటిది ఉందిలే. కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది."

"రాళ్లు మొనదేలి ఉన్నాయే?" అంది ఏనుగు.

"ఏటి కోతండీ."

ఒడ్డున దుంగలా పడి ఉన్న మొసలి ఒక కన్ను తెరిచింది. "ఏదీ, ఇటు చూపించండి." చాలాసేపు చూసింది. "ఎడమ పక్క ఒకటి సగం విరిగింది." మెల్లగా నోరు తెరిచింది. విరిగిన పన్ను అక్కడే ఉంది. "రా నక్కా, నీ గుహ ఇదే. ఇంకొకటి తియ్యి, పెద్దయ్య చూస్తారు."

అందరూ నక్క వెనక్కి పోతుందనుకున్నారు గానీ ఆశ ఊరుకుంటుందా, ముందరి కాలు నాలుక మీద పెట్టింది. నాలుక వెచ్చగా ఉంది, కదలడం లేదు. పై దవడ కొంచెం కిందికి దిగింది.

"మామా, దవడ ఎందుకు దించుతున్నావు?"

"ఫొటోకి నీడ ఉంటే బాగుంటుందని."

"ఇవాళ వెలుతురు సరిగ్గా లేదేమో."

"పిట్టకి సరిపోయిందే." దవడ ఇంకాస్త దిగింది.

నక్క కాలు లాక్కుని ఇసకలో వెల్లకిలా పడింది. "నాది కాదు పెద్దయ్యా. పిట్టదే. పేరు కత్తిరించింది నేనే."

తొండం పూర్తిగా లేచి పిట్ట వైపు వంగింది. తిన్నె దానిదైపోయింది. నక్క చేతనే ఆ ఫొటో మళ్లీ పెట్టించారు. అది "తీసింది ఉల్లంకిపిట్ట" అని టైపు చేస్తుంటే, మొసలి పక్కకొచ్చి కూర్చుంది.

"బొమ్మ కిందే రాయి నాయనా, అందరికీ కనపడేట్టు," అంది, నోరు ఇంకా మూయకుండానే.

నీతి: ఒకరు తీసిన ఫొటో పంపేటప్పుడు వాళ్ల పేరు కూడా పంపండి, నాదే అంటారా, అది తీసిన చోట నిలబడే ధైర్యం ఉండాలి.